బండి వెనుక బండి

మేడ్చల్ మీదుగా పోవు 44వ నంబరు జాతీయ రహదారి ప్రక్కన పది నిమిషములు నిలుచున్నచో లాగుడు బండ్లలో ఎన్ని రకములు గలవో తెలియును. నాగపూరు వైపు నుండి వచ్చు పొడవైన కంటైనరు లారీ, కార్లను రెండు అంతస్తులుగా పేర్చుకొని పోవు వాహనము, ఇటుకలతోనో కంకరతోనో నిండిన ట్రాలీని లాగుచున్న ట్రాక్టరు—ఇవన్నియు ఒకే ఏర్పాటునకు వేర్వేరు రూపములు. ముందు లాగునది ఒకటి. వెనుక లాగబడునది ఒకటి. రెంటికి నడుమ ఒక కీలు. మేడ్చల్‌కు తూర్పున శామీర్‌పేట మీదుగా కరీంనగరు పోవు రాజీవ్ రహదారి మీదను ఇదే దృశ్యము. ఈ రెండు రహదారులను తాకుచు 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు నగరమును చుట్టి పోవుచున్నది.

రెండు టన్నుల ట్రాక్టరు ఆరు టన్నుల ట్రాలీని ఎట్లు లాగగలుగుచున్నది? ఇంజను అశ్వశక్తి రెట్టింపైనచో లాగగల బరువును రెట్టింపగునా? ఈ ప్రశ్నలు విద్యార్థులు తరచుగా అడుగునవే. ఇంతకంటె ముఖ్యమైన ప్రశ్న మరియొకటి కలదు. దానిని అడుగువారు తక్కువ. లాగగలిగినది ఆపగలదా? ఈ వ్యాసములో మొదటి రెండు ప్రశ్నల నుండి బయలుదేరి మూడవదానిని చేరుదము. ఇందుకు పదవ తరగతి భౌతికశాస్త్రము చాలును.

లాగుట ఎత్తుట కాదు

ఆరు టన్నుల బరువును ఎత్తవలెనన్న ఆరు టన్నుల బలము కావలెను. కాని చక్రముల మీద నున్న బరువును సమతలముపై కదిలించుటకు అంత బలము అక్కరలేదు. చక్రము, దారి రెండును బరువుక్రింద కొంచెము అణగును. ఆ అణగుట వలన కలుగు నిరోధమునే దొర్లు ఘర్షణ అందురు. మంచి తారు రోడ్డుపై లారీ టైర్లకు ఈ నిరోధము బరువులో నూటికి ఒక పాలు, ఒక్కొక్కప్పుడు అంతకంటెను తక్కువ. ట్రాక్టరు ట్రాలీకి నూటికి రెండు పాళ్ళు అనుకొందము. మట్టిబాటపై అది మూడు మొదలు ఆరు పాళ్ళు వరకు ఉండును. వదులు ఇసుకలో పది పాళ్ళు దాటును. బండిచక్రమునకు ఇనుప కమ్మి పోయి రబ్బరు టైరు వచ్చినప్పుడు అదే ఎడ్ల జత ఎక్కువ బరువును లాగగలుగుటకు కారణము ఇందులోనే కలదు.

రెండు టన్నుల ట్రాక్టరు, సరకుతో కూడ ఆరు టన్నుల ట్రాలీ, మొత్తము ఎనిమిది టన్నులు, అనగా 8,000 కిలోగ్రాములు. సమతలమైన తారు రోడ్డుపై దీనిని ఒకే వేగముతో నడపుటకు కావలసిన బలము 160 కిలోగ్రాముల బరువునకు సమానము. ఒక కిలోగ్రాము బరువు 9.8 న్యూటనులు కనుక ఇది సుమారు 1,570 న్యూటనులు. ఎనిమిది టన్నులను నడపుటకు ఇది స్వల్పమే.

చెరువుకట్ట ఎక్కునప్పుడు

మన ప్రాంతము చదునైనది కాదు. మేడ్చల్, శామీర్‌పేట పరిసరములలో గ్రానైటు గుట్టలును వాటి నడుమ పల్లములును కలవు. ఆ పల్లములలో కట్టలు వేసి పూర్వులు చెరువులు నిర్మించిరి. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ పథకము క్రింద తెలంగాణమంతటను చెరువుల పూడిక తీయబడినది. ఆ ఒండ్రుమట్టిని రైతులు ట్రాక్టర్లపై పొలములకు తోలుకొనిరి. చెరువు గర్భము నుండి గట్టు మీదికి ఎక్కు ఆ బాటయే మన పాఠమునకు మంచి ప్రయోగశాల.

ముందుగా బరువును గూర్చి ఒక మాట. మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, అర మీటరు ఎత్తు గల ట్రాలీ తొట్టిలో మూడు ఘనపు మీటర్ల సరకు పట్టును. అందులో జొన్నచొప్ప నింపినచో బరువు ఒక టన్నైనను కాదు. తడి ఒండ్రుమట్టి ఘనపు మీటరు సుమారు 1.7 టన్నులు తూగును కనుక అదే తొట్టి నిండ మట్టి నింపినచో ఐదు టన్నులు దాటును. ట్రాలీ స్వంత బరువు ఒక టన్ను కలుపగా ఆరు టన్నులు. కంటికి రెండును నిండిన ట్రాలీలే. భారమును నిర్ణయించునది తొట్టి కాదు, సరకు సాంద్రత.

ఇప్పుడు వాలు. ఇరువది మీటర్లు ముందుకు పోవగా ఒక మీటరు ఎత్తునకు ఎక్కు బాటను తీసికొందము. ఇట్టి వాలుపై బరువులో ఇరువదియవ వంతు మనలను వెనుకకు లాగును. 8,000 కిలోగ్రాములలో ఇరువదియవ వంతు 400. దొర్లు ఘర్షణకు కావలసిన 160 దీనికి కలిపినచో మొత్తము 560 కిలోగ్రాముల బరువు. కంటికి ఇంచుమించు చదునుగనే కనిపించు ఎగుడు కావలసిన బలమును మూడున్నర రెట్లు చేసినది. ఇక బాట తారుది కాక మట్టిది అయినచో దొర్లు ఘర్షణ కూడ పెరుగును. లెక్క సులభమగుటకై దానిని విడిచిపెట్టుదము.

అశ్వశక్తి ఏమి చేయును?

45 అశ్వశక్తి గల ఇంజను సుమారు 33.5 కిలోవాట్ల సామర్థ్యము నిచ్చును. గేర్లలోను, టైర్లలోను కొంత నష్టము కాగా చక్రముల వద్ద 25 కిలోవాట్లు మిగిలెననుకొందము. సామర్థ్యము బలమును వేగముచే గుణించగా వచ్చునది గదా! 560 కిలోగ్రాముల బరువు 5,500 న్యూటనులు. 25,000ను 5,500చే భాగించినచో సెకనుకు నాలుగున్నర మీటర్లు, అనగా గంటకు 16 కిలోమీటర్లు. ఆ ట్రాక్టరు ఆ కట్టను ఎక్కగల గరిష్ఠ వేగమిదియే. ఇంజను 90 అశ్వశక్తి గలదైనచో అదే బరువుతో అదే కట్టను గంటకు 32 కిలోమీటర్ల వేగముతో ఎక్కవచ్చును.

అశ్వశక్తి వేగమును పెంచినది. లాగగల బరువును మాత్రము అది ఒక్కటియే పెంచలేదు. ఏలయన చిన్న గేరులో వేగమును తగ్గించుకొని బలమును పెంచుకొనుట ఏ ఇంజనుకైనను సాధ్యమే. చిన్న గేరులో 45 అశ్వశక్తి ట్రాక్టరు కూడ తన వెనుక చక్రములను నిలిచినచోటనే తిప్పగలదు. చక్రము తిరుగుచున్నది, బండి కదలుట లేదు—దీనిని బురదలో చూడనివారుండరు. అప్పుడు కొరవడినది ఇంజను శక్తి కాదు, నేలపై పట్టు.

పట్టు ఎక్కడ నుండి వచ్చును?

ఘర్షణ గుణకమును చక్రముపై పడు బరువుచే గుణించినచో ఆ చక్రము నేలను పట్టుకొని ఉపయోగించగల గరిష్ఠ బలము వచ్చును. మన ట్రాక్టరు మొత్తము బరువు 2,000 కిలోగ్రాములలో వెనుక చక్రములపై 1,300, ముందు చక్రములపై 700 ఉన్నవనుకొందము. సామాన్యమైన ట్రాక్టరులో ఇంజను త్రిప్పునది వెనుక చక్రములనే. పొడి రోడ్డుపై ఘర్షణ గుణకము 0.6 అనుకొనినచో 1,300ను 0.6చే గుణించగా 780 కిలోగ్రాముల బరువు. మనకు కావలసినది 560. కావున కట్ట ఎక్కును.

వాన పడి బాట మీద బురద పేరుకొనినది. గుణకము 0.3కు పడిపోయినది. ఇప్పుడు పట్టు 390 మాత్రమే. ట్రాలీ కదలదు. ఇంజనును ఎంత పెంచినను చక్రములు గుంట త్రవ్వుకొనునే గాని ముందునకు పోవు. దీనికి ఉపాయము వెనుక చక్రములపై బరువును పెంచుట. అందుకే కొందరు ట్రాక్టరు వెనుక చక్రములకు ఇనుప దిమ్మెలు బిగింతురు. టైర్లలో నీరు నింపుదురు. మరియొక ఉపాయము ట్రాలీలోనే కలదు.

నొగ మీది బరువు

ఎడ్లబండి తోలినవారికి ముందుబరువు, వెనుకబరువు అను మాటలు తెలియును. బండికి రెండు చక్రములు, ఒక ఇరుసు. సరకు ఇరుసునకు ముందు ఎక్కువైనచో కాడి ఎడ్ల మెడలను నొక్కును. వెనుక ఎక్కువైనచో కాడి పైకి లేచి ఎడ్ల గొంతునకు పలుపు బిగిసికొనును. అనుభవము గల రైతు సరకు కొంచెము ముందునకు ఉండునట్లు సర్దును. ఇది భౌతికశాస్త్రములోని భ్రామక సూత్రమే.

ఒకే ఇరుసు గల రెండు చక్రముల ట్రాలీని తీసికొందము. దాని మొత్తము బరువు 6,000 కిలోగ్రాములు. కొక్కెము నుండి ఇరుసునకు దూరము 300 సెంటీమీటర్లు. సరకుతో కూడ దాని గరిమనాభి ఇరుసునకు 30 సెంటీమీటర్లు ముందున్నదనుకొందము. ఇరుసు చుట్టు భ్రామకములను సమానము చేసినచో కొక్కెము మీద పడు బరువు 6,000 × 30 ÷ 300, అనగా 600 కిలోగ్రాములు. ఇది ట్రాలీ బరువులో పదియవ వంతు.

ఈ 600 కిలోగ్రాములు ట్రాక్టరు వెనుక భాగముపై నొక్కుచున్నవి. కొక్కెము వెనుక ఇరుసునకు 60 సెంటీమీటర్లు వెనుక ఉండుట వలన త్రాసుకోలలో వలె ముందు చక్రములు కొంత తేలికపడును. ముందు, వెనుక ఇరుసుల నడుమ దూరము 190 సెంటీమీటర్లు అయినచో ముందు తగ్గునది 600 × 60 ÷ 190, అనగా సుమారు 190 కిలోగ్రాములు. ఆ 190 కూడ వెనుక చక్రముల మీదికే వచ్చును. ఇప్పుడు వెనుక చక్రములపై 1,300 + 600 + 190, మొత్తము 2,090 కిలోగ్రాములు. బురదలో 0.3 గుణకముతోనే పట్టు 627. కావలసినది 560. ఇంతకుముందు కదలని ట్రాలీ ఇప్పుడు కట్ట ఎక్కును! ఇంజను మారలేదు, బాట మారలేదు, సరకు తగ్గలేదు. బరువు ఉన్నచోటు మాత్రమే మారినది. నాలుగు చక్రముల ట్రాలీ తన బరువునంతయు తన చక్రములపైననే మోసికొనును. కొక్కెముపై అది ఏమియు వేయదు. కనుక దానికి ఈ లాభము లేదు.

అయితే లాభముతో పాటు ప్రమాదము కూడ వచ్చినది. ముందు చక్రములపై 700 ఉండవలసినచోట 510 మాత్రమే మిగిలినవి. ట్రాలీని లాగు బలము కూడ ముందుభాగమును ఎత్తుటకే ప్రయత్నించును. ఎగుడు ఎక్కువగుకొలది ముందు చక్రములు ఇంకను తేలికపడును. బండిని మళ్ళించునవి ఆ చక్రములే. అవి నేలను గట్టిగా తాకనిచో స్టీరింగు త్రిప్పినను ట్రాక్టరు తిరుగదు. బురదలో చిక్కిన బండిని లాగునప్పుడు గొలుసును వెనుక ఇరుసు మట్టమునకు పైన తగిలించినచో ట్రాక్టరు ముందు లేచి వెనుకకు తలక్రిందులగు అపాయము కూడ కలదు. కొక్కెము ఎప్పుడును తయారుదారు ఏర్పరచిన తక్కువ ఎత్తులోనే ఉండవలెను.

హంసమెడ, ఐదవ చక్రము

అమెరికా, కెనడా దేశములలో రైతులును గుత్తేదారులును ట్రాక్టరునకు బదులు భారీ పికప్ ట్రక్కులను లాగుటకు వాడుదురు. మన మేడ్చల్ రోడ్డుపై కనిపించు పికప్ బండ్లు తమ తొట్టిలో సరకు మోయునవి. అచటి భారీ పికప్‌లు మోయుటతో పాటు పశువుల బండిని, పడవను, మట్టి త్రవ్వు యంత్రమును వెనుక తగిలించుకొని రహదారిపై వేగముగా పోవునవి. వెనుక బంపరు వద్ద నుండు ఇనుప గుండునకు తగిలించినచో వాటిలో పెద్దవి సుమారు పది టన్నుల వరకు లాగగలవు. అదే బండి, అదే ఇంజను, వేరొక విధముగా తగిలించినచో పదునైదు టన్నులు దాటి లాగగలదు. ఆ రెండవ విధమును వారు గూస్‌నెక్ అందురు. హంసమెడ వలె వంగిన నొగ పికప్ తొట్టి మీదుగా ముందునకు వచ్చి సరిగా వెనుక ఇరుసు పైన దిగును.

ఈ తేడాకు కారణము మనము ఇప్పుడే చేసిన లెక్కలో కలదు. 60 సెంటీమీటర్ల ఆ దూరము ఇచ్చట ఇంచుమించు సున్న అయినది. నొగ మీది బరువు నేరుగా వెనుక ఇరుసుపై పడును. ముందు చక్రములు తేలికపడవు. అందుచేత బంపరు కొక్కెముపై ట్రైలరు బరువులో నూటికి పది మొదలు పదునైదు పాళ్ళు వేయుచుండగా, హంసమెడపై పదునైదు మొదలు ఇరువదియైదు పాళ్ళు వేయుదురు.

మన రహదారులపై పోవు కంటైనరు లారీ కూడ ఈ సూత్రమునకు పెద్ద రూపమే. దాని ముందు బండి వెనుక ఇరుసులపై నూనెపూసిన ఒక గుండ్రని ఇనుప పలక ఉండును. ట్రైలరు ముందుభాగము దానిపై ఆని, నడుమ నున్న మేకు చుట్టు తిరుగును. ఆ పలకకు ఐదవ చక్రమని పేరు. గుర్రపుబండ్ల ముందు ఇరుసు తిరుగుటకై అడ్డముగా అమర్చు చక్రము నుండి ఆ పేరు వచ్చినది. 1914లో అమెరికాలోని డెట్రాయిట్ నగరమున ఆగస్ట్ ఫ్రూహాఫ్ అను కమ్మరి, ఒక వ్యాపారి పడవను తీసికొనిపోవుటకు ఫోర్డు మోటారుబండి వెనుక తగిలించు సెమీట్రైలరును నిర్మించెను. ముందు చక్రములు లేని ఆ ట్రైలరు తన బరువులో కొంత భాగమును లాగు బండిపై మోపినది. భారతదేశములో 2018లో సవరించిన నియమముల ప్రకారము ఇట్టి జంట వాహనముల మొత్తము బరువు, ఇరుసుల సంఖ్యను బట్టి, 55 టన్నుల వరకు ఉండవచ్చును.

తోక ఊపు ట్రైలరు

సరకును ఇరుసునకు వెనుక వేసినచో ఏమగును? కొక్కెము పైకి లాగబడి, లాగు చక్రముల పట్టు తగ్గును. వేగముగా పోవు బండిలో ఇంకొక కీడు కూడ కలుగును. గాలి వలననో, గుంట వలననో ట్రైలరు ఒక ప్రక్కకు కొంచెము జరిగెననుకొందము. గరిమనాభి ముందున్న ట్రైలరు రెండుమూడు ఊపులలో సర్దుకొనును. వెనుకబరువైన ట్రైలరు ప్రతి ఊపులోను ఇంకను ఎక్కువగా ఊగును. ఒక హద్దు వేగము దాటిన తరువాత ఆ ఊపు తనంతట తాను తగ్గదు. ముందు బండిని కూడ పట్టి ఊపును.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చును. ఒక మీటరున్నర పొడవు గల నున్నని పలకను ఒక చివర పుస్తకములపై ఎత్తి ఉంచుడు. నాలుగు చక్రముల బొమ్మ కారు వెనుక, ఒకే ఇరుసు, రెండు చక్రములు గల అట్టముక్క ట్రైలరును గుండుసూదితో వదులుగా కీలు కట్టుడు. నాణెములను మైనముతో అట్ట ముందుభాగమున అంటించి పై నుండి వదలినచో రెండును సూటిగా దిగును. అవే నాణెములను వెనుక చివర అంటించి వదలుడు. ట్రైలరు తోక ఊపుచు దిగుటయు, ఒక్కొక్కసారి కారును పక్కకు త్రిప్పివేయుటయు విద్యార్థులు చూడగలరు. పలక వాలును పెంచినకొలది, అనగా వేగము పెరిగినకొలది, ఊపు పెరుగును.

ఆపుట

ఇక అసలు ప్రశ్న. మన ట్రాక్టరునకు బ్రేకులు వెనుక చక్రములకు మాత్రమే కలవు. సామాన్యమైన ట్రాక్టర్లలో ఇట్లే ఉండును. నాలుగు చక్రముల ట్రాలీకి బ్రేకులు లేవనుకొందము. వేగము గంటకు 25 కిలోమీటర్లు, అనగా సెకనుకు ఇంచుమించు ఏడు మీటర్లు. పొడి రోడ్డుపై వెనుక చక్రములు ఉపయోగించగల ఆపు బలము మనము చూచిన 780 కిలోగ్రాముల బరువే. అది లాగుటకు ఎంతయో ఆపుటకును అంతే. దీనికి దొర్లు ఘర్షణ కొంచెము తోడ్పడును.

ట్రాక్టరు ఒంటరిగా ఉన్నప్పుడు ఆ బలము రెండు టన్నులను ఆపవలెను. వేగము సెకనుకు నాలుగు మీటర్ల చొప్పున తగ్గును. బ్రేకు తగిలిన తరువాత ఆరు మీటర్లలో బండి నిలుచును. ట్రాలీ తగిలించినప్పుడు అదే బలము ఎనిమిది టన్నులను ఆపవలెను. అప్పుడు 21 మీటర్లు కావలెను. ఇరువదింట ఒకటి వాలు గల దిగుడులో 400 కిలోగ్రాముల బరువు ముందునకు తోయును. మిగిలిన బలముతో నిలుచుటకు 36 మీటర్లు కావలెను. అదే దిగుడుపై బురద ఉండి గుణకము 0.3 అయినచో నిలుచుటకు 130 మీటర్లు కావలెను! ట్రాక్టరు, తోలువాడు, వేగము మారలేదు. ఆరు మీటర్లు నూట ముప్పది మీటర్లైనవి. తోలువాడు అపాయమును చూచి కాలు కదపుటకు పట్టు ఒక్క సెకనులో గడచు ఏడు మీటర్లను మనము ఇంకను కలుపలేదు. బ్రేకు పడినప్పుడు బరువు ముందునకు జరిగి వెనుక చక్రముల పట్టు తగ్గుటను కూడ లెక్కించలేదు. అసలు దూరము దీనికంటె ఎక్కువే.

శక్తి దృష్టితో చూచినను ఇదే తెలియును. ఎనిమిది టన్నులకు గంటకు 25 కిలోమీటర్ల వేగమున ఉండు గతిజశక్తి సుమారు 193 కిలోజౌళ్ళు. అదే బండి ఆ వాలుపై నూరు మీటర్లు దిగినచో ఐదు మీటర్ల ఎత్తు కోల్పోవును. అందువలన విడుదలయగు శక్తి 392 కిలోజౌళ్ళు. ఇది మొదటి శక్తికి రెట్టింపు. ఇందులో బ్రేకుల వంతునకు వచ్చినదంతయు వేడిగా మారి పోవలెను. దీర్ఘమైన దిగుడులో బ్రేకులు కాగి పట్టు కోల్పోవుటకు కారణమిదియే. కనుక ఎక్కుటకు ఏ గేరు కావలెనో దిగుటకును ఆ గేరే వేయవలెను. అప్పుడు ఇంజను తానే బండిని పట్టి ఉంచును. డీజిలు మిగులునని దిగుడులో న్యూట్రలు చేయుట, ఉన్న రెండు పగ్గములలో ఒకదానిని తెంచుకొనుటయే.

దీనికి మందు ట్రాలీ చక్రములకు కూడ బ్రేకులమర్చుట. అప్పుడు ట్రాలీ తన బరువుతో వచ్చిన పట్టుతోనే తాను నిలుచును; మొత్తము బండి ఆగు దూరము ఒంటరి ట్రాక్టరు దూరమునకు సమీపించును. అమెరికాలోని అనేక రాష్ట్రములలో సుమారు 1,360 కిలోగ్రాములు దాటిన ట్రైలరునకు స్వంత బ్రేకులు తప్పనిసరి. మన కంటైనరు లారీలలో ట్రైలరు చక్రములకు గాలి బ్రేకులుండును. వాటిలో మెచ్చదగిన ఏర్పాటు ఒకటి కలదు: అణచిన గాలి స్ప్రింగును వెనుకకు పట్టి బ్రేకును విడిపించి ఉంచును. గొట్టము తెగి గాలి పోయినచో స్ప్రింగు తనంతట తాను బ్రేకును వేయును. లోపము కలిగినప్పుడు బండి నిలుచునట్లు చేయు ఈ ఆలోచనను 1872లో జార్జి వెస్టింగ్‌హౌస్ రైళ్ళ ఆటోమేటిక్ బ్రేకులో ప్రవేశపెట్టెను.

మడతపడుట

ముందు బండి నిలువజూచుచుండగా వెనుక బండి తోయుచున్నప్పుడు, రెండును ఒకే వరుసలో ఉన్నంతవరకు ఫరవాలేదు. మలుపులో రెంటి నడుమ కోణమున్నచో ఆ తోపు ముందు బండి వెనుకభాగమును ప్రక్కకు నెట్టును. రెండు బండ్లు మడతకత్తి వలె ముడుచుకొనును. ట్రాక్టరులో కుడి, ఎడమ బ్రేకులకు వేర్వేరు పెడళ్ళుండుట పొలములో చాలు చివర త్వరగా తిరుగుటకు సౌకర్యము. రోడ్డు మీద మాత్రము ఆ రెంటిని గొళ్ళెముతో జతచేయవలెను. జతచేయక ఒక ప్రక్క పెడలునే తొక్కినచో వెనుక నున్న ఆరు టన్నులు మిగిలిన పని చేయును.

ట్రాలీలో మనుషులు నిలుచున్నప్పుడు గరిమనాభి పైకి పోవును. ప్రక్కకు దొర్లుటకు చిన్న మలుపు, చిన్న గుంట చాలును. 2018 ఏప్రిలులో నల్గొండ జిల్లా వద్దిపట్ల సమీపమున ఒక ట్రాక్టరు కాలువలో పడినది. అదే సంవత్సరము జూనులో యాదాద్రి భువనగిరి జిల్లా లక్ష్మాపురము వద్ద మూసీ కాలువలో మరియొకటి పడినది. రెండింటను పొలము పనికి పోవుచున్న కూలీలు ప్రాణములు కోల్పోయిరి. వారిలో ఎక్కువమంది స్త్రీలు. కాలువగట్టు బాట ఇరుకు. ఒక చక్రము అంచు దాటినచో ట్రాలీని నిలబెట్టునది ఏదియు ఉండదు. ట్రాలీ సరకుల కొరకు చేసినది గాని మనుషుల కొరకు కాదు.

మన పాఠశాలలలో చదువుకొను పిల్లలలో చాలమంది ఇండ్ల ముందర ట్రాక్టరు ఉన్నది. లేదా ట్రాలీ ఎక్కి పనికి పోవు తల్లి ఉన్నది. ఘర్షణ గుణకము, భ్రామకము, గతిజశక్తి అను మాటలు పరీక్షలో వ్రాసి మరచిపోవుటకు మాత్రమే గాక, ఇంటికి తీసికొనిపోయి చెప్పుటకు కూడ పనికివచ్చును. సరకు కొంచెము ముందుబరువుగా ఉన్నదా? కొక్కెము క్రిందనే ఉన్నదా? పెడళ్ళకు గొళ్ళెము పెట్టిరా? ట్రాలీకి బ్రేకులున్నవా? దిగుడునకు ముందే గేరు మార్చిరా? ఈ ఐదు ప్రశ్నలను పదవ తరగతి విద్యార్థి ఎవరైనను అడుగగలడు. కారణములు కూడ చెప్పగలడు. ఎంత బరువును లాగగలమని గాక ఎంత బరువును ఆపగలమని ఆలోచించి ట్రాలీ నింపుట నేర్చిననాడు ఈ పాఠము బాగుగా వచ్చినదనవచ్చును.